వదిన లేనప్పుడు కొట్టిన తీగ

నజ్లా ఆ ఉదయం సూదిలోకి దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పింది. నాలుగోసారికి సూదినీ దారాన్నీ బల్లమీద పడేసి కిటికీ వైపు చూసింది. పది గంటలయింది. బయట ఎండ కాస్తోందని, సముద్రం మీది వెలుగు పడి ఎదురింటి గోడ తళతళలాడుతోందని ఆమెకు తెలుసు. తెలుసు గానీ కనబడదు. కిటికీ నిండా ఆకులు. ఆకుల వెనక మళ్లీ ఆకులు. గదిలో వెలుగు నీళ్లు కలిపిన పాలలా పలచగా ఉంది. జెనరేటర్ కరెంటు సాయంత్రం అయిదుకు గానీ రాదు. ఈస్టర్ వెళ్లాక పిల్లలు తొలి సత్ప్రసాదం తీసుకునే పండగకు పదకొండు తెల్లగౌన్లు కుట్టాలి. ఒక్కటి కూడా పూర్తి కాలేదు. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కుట్టే పనికి కళ్లకంటే ముందు వెలుతురు కావాలి.

ఆ ఆకులు కాగితంపూల తీగవి. అల్ మీనా రేవుపేటలో ఆ తీగను అందరూ ‘మజ్నూనె’ అంటారు, పిచ్చిది అని. ఆ పేరు పెట్టినవాళ్లెవరో దాని పక్కనే కాపురం చేసి ఉంటారని నజ్లాకు గట్టి నమ్మకం.

ఇంట్లో కింది వాటా నజ్లాది, ఆమె భర్త ఇస్బీర్‌ది. పై వాటా ఇస్బీర్ అక్క ఓడెట్‌ది. తీగ మొదలు కింద పెరట్లో, సరిగ్గా నజ్లా కిటికీ పక్కన. తలేమో పైన ఓడెట్ బాల్కనీ మీద. కాబట్టి ముళ్లు, చెత్త, ఆకులు పడి పూడుకుపోయే తూము, పట్టపగటి చీకటి కిందివాళ్ల వంతు. నీడ, గాలి, పూలు పైవాళ్ల వంతు. ఆ పూలైనా కళ్లారా చూద్దామంటే రెండేళ్లుగా అదీ లేదు. ఒట్టి ఆకు, ఒట్టి ముల్లు.

ఓడెట్‌కు డెబ్భై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసింది. ఊరందరి మాటలూ అన్నేళ్లు చెవుల్లో పోయించుకున్న మనిషి, ఇక ఎవరేం చెప్పినా ఆమెకు కొత్తగా వినిపించదు. ఎక్స్ఛేంజీ మూసేసిన రోజున తోటి ఆడవాళ్లు గోడ గడియారాలూ కుర్చీలూ పంచుకుంటుంటే, ఓడెట్ కిటికీలోంచి చెయ్యి చాపి గోడమీది కాగితంపూల తీగ నుంచి ఒక కొమ్మ విరిచి, తడి చేతిరుమాల్లో చుట్టి, సంచిలో వేసుకుని వచ్చింది. ఆ కొమ్మే ఇది. ఆ సంగతి తెలుసు కాబట్టే నజ్లా దాన్ని మొదలంటా నరికించమని ఏనాడూ అనలేదు. అదుపులో పెడదాం అంది, అంతే. పదకొండేళ్లుగా అంటూనే ఉంది.

కిందటేడు ఒకసారి తెగించి నిచ్చెన వేసింది. కత్తెర తెరిచిందో లేదో, పైన బాల్కనీలోంచి గొంతు వినిపించింది.

"ఆ కొమ్మ వద్దు నజ్లా. అది మంచిది."

"ఏది వదినా, ఇదా?"

"అదీ మంచిదే. దాని వెనకది తియ్యి."

"వెనకది ఎప్పుడో ఎండిపోయింది."

"ఎండినదైతే దాని పాపాన అదే రాలిపోతుంది, నీకెందుకు శ్రమ."

రెండు గంటలు నిచ్చెన మీద నిలబడి నజ్లా తీయగలిగింది ఒక బుట్టెడు చివుళ్లు. చివర గిల్లిన ప్రతిచోటా నెల తిరక్కుండా నాలుగేసి కొమ్మలు లేచాయి. వేసవికి కిటికీ పూర్తిగా మూసుకుపోయింది.

ఆ శరదృతువులో ఆమె ఒక కొమ్మ తుంచుకుని నర్సరీ నడిపే అబూ తామెర్ దగ్గరకు వెళ్లింది. ఆయన కొమ్మను అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"దీనికి రోజూ నీళ్లెవరు పోస్తున్నారు?"

"మా వదిన. బట్టలు జాడించిన నీళ్లు, రోజుకో బకెట్టు, పైనుంచి. మీకెలా తెలిసింది?"

"ఆకు చూడమ్మా, అరచెయ్యంత ఉంది. కడుపు నిండా తిన్నవాడు లేచి పాట పాడతాడా, పడుకుంటాడు. ఇదీ అంతే. దప్పికేస్తేనే పూస్తుంది." ఆయన వేలితో కొమ్మ మీది కణుపులు చూపించాడు. "ఇంకోటి, చివర్లు గిల్లకండి. గిల్లితే దాన్ని రెచ్చగొట్టినట్టే. ఫిబ్రవరి నెలాఖర్లో, చలి విరిగాక, చిగురు పెట్టకముందు, మొదలూ చేతుల్లా చాచిన నాలుగు పెద్ద కొమ్మలూ ఉంచి, మిగతాదంతా రెండు మూడు కణుపులు వదిలి తెగ్గొట్టండి. పువ్వు వచ్చేది కొత్త కొమ్మకే. పాతకట్టెను ఎంత మోసినా ఏం లాభం."

ఈ మాటలన్నీ నజ్లా మెట్లెక్కి వెళ్లి వదినకు పొల్లుపోకుండా చెప్పింది. ఓడెట్ కాఫీ చప్పరిస్తూ అంతా విని కప్పు కింద పెట్టింది.

"అబూ తామెర్ తండ్రి మా ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి, తనకు కావలసిన నెంబరేదో తానే చెప్పలేక నసిగేవాడు. ఆయన కొడుకా నాకు చెప్పేది?"

అక్కడితో ఆ సంగతి ముగిసింది.

ఇదిగో, ఇప్పుడు మళ్లీ ఫిబ్రవరి. బత్రూన్‌లో ఎవరో బంధువుల ఇంట్లో పోయినవాళ్లకు చేసే నలభయ్యోనాటి ప్రార్థన ఉందని ఓడెట్ శుక్రవారం పొద్దున్నే చిన్న పెట్టె సర్దుకుని బయల్దేరింది. సోమవారం వస్తానంది. టాక్సీ మలుపు తిరిగే దాకా నజ్లా గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. తరవాత లోపలికి వెళ్లి చేతి రంపం, కత్తెర, తోలు గ్లౌజులు తెచ్చి వంటింటి బల్లమీద ఇస్బీర్ ముందు పెట్టింది.

ఇస్బీర్ రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఇరవై టన్నుల పెట్టెలు అవలీలగా ఎత్తినవాడు అక్క ముందు గొంతు మాత్రం ఎత్తలేడు. రంపాన్ని చూడగానే తింటున్న జాతర్ ఆకుపొడి రొట్టె పక్కన పెట్టాడు.

"అక్క వచ్చాక ఒకమాట అడిగి చేద్దాం."

"పదకొండేళ్లుగా అడుగుతూనే ఉన్నా."

"పన్నెండో ఏడు ఒప్పుకుంటుందేమో."

"నిచ్చెన నువ్వు పట్టుకుంటావా, పక్కింటి జమీలె మొగుణ్ణి పిలవనా?"

జమీలె ఇంటికి సంగతి తెలిస్తే మధ్యాహ్నానికి బత్రూన్ చేరుతుంది. ఇస్బీర్ ఒక నిట్టూర్పు విడిచి చెప్పులు వేసుకున్నాడు.

అనుకున్నంత తేలిక కాలేదు పని. పైకి పచ్చటి గోడలా కనిపించే తీగ లోపలంతా ఎండుపుల్లలే. ఒక కొమ్మను కోసి లాగితే పది కొమ్మలు దాన్ని వదలవు. ప్రతి ముల్లూ పక్కదాని బట్ట పట్టుకున్నట్టు ఉంటుంది. గ్లౌజుల్లోంచి ముళ్లు దిగాయి. కొమ్మల మధ్య ఇరుక్కుని పదకొండేళ్ల బట్టల క్లిప్పులు, ఓడెట్ మేజోడు ఒకటి, గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచులు బయటపడ్డాయి. మొదట్లో నజ్లా జాగ్రత్తగా కణుపులు లెక్కపెట్టి కోసింది. మధ్యాహ్నం దాటాక లెక్క మానేసింది. ఒక్కో కొమ్మ తెగినప్పుడు, సంవత్సరాలుగా మింగిన మాట ఒకటి గొంతు దాటి బయటికి పోతున్నట్టు అనిపించింది. "చాలు నజ్లా, చాల్లే," అని ఇస్బీర్ కిందనుంచి అంటూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

బాల్కనీ దగ్గర ముంజేతి లావున్న రెండు కొమ్మలు ఇనుప రెయిలింగును చుట్టుకుని, ఊచల్ని పూర్తిగా మింగేసి ఉన్నాయి. మొదటిదాన్ని రంపంతో కోసింది. రెండోది సగం తెగేసరికి కిర్రుమని శబ్దమై, రెయిలింగు మొత్తం జానెడు ముందుకు ఒరిగింది. నజ్లా నిచ్చెన మీద బిగుసుకుపోయింది.

ఇస్బీర్ తాళం చెవి తీసుకుని పైకి పరుగెత్తాడు. బాల్కనీలో మోకాళ్ల మీద కూచుని చూశాడు. రెయిలింగు కాళ్లు నాలుగూ అడుగున తుప్పు పట్టి తినేసి ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకోగానే అది బిస్కెట్టులా విరిగి చేతిలోకి వచ్చింది.

"రోజూ పొద్దున్న అక్క దీనిమీదే ఆనుకుని కదే కాఫీ తాగుతుంది," అన్నాడు.

"ఆరేసిన దుప్పట్ల మీద తుప్పు మరకలు పడుతున్నాయని రెండేళ్ల నుంచి మొత్తుకుంటున్నా. ఎవరు విన్నారు?" అంది నజ్లా నిచ్చెన మీద నుంచే.

ఇస్బీర్ రెయిలింగును తాడుతో తలుపు చట్రానికి కట్టేశాడు. సాయంత్రానికి గోడమీద మిగిలింది మెలితిరిగిన ఒక మొదలు, నాలుగు చేతులు. శనివారమంతా చెత్త మోయడానికే సరిపోయింది. ఆ రెండు రోజులూ నజ్లా కుట్టుబల్ల మీద పడిన ఎండను మధ్యమధ్య అరచేత్తో తాకి చూసింది.

ఓడెట్ సోమవారం రాలేదు. ఆదివారం మధ్యాహ్నమే వచ్చింది, ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో బంధువులిచ్చిన నారింజ పళ్ల సంచీతో. గేటు తీసి రెండడుగులు వేసి ఆగిపోయింది. సంచి కింద పెట్టింది. తరవాత తానూ మెట్టుమీద కూచుంది.

"దీనికి గుండు ఎవరు కొట్టారు?"

"నేనే వదినా."

"నేను లేనప్పుడు."

"నువ్వుంటే కొట్టనివ్వవు కదా."

"చూశావా, నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు."

"అది కాదు వదినా, ముందు రెయిలింగు చూడు. కాళ్లు నాలుగూ తుప్పు తినేశాయి. నువ్వు రోజూ దాని మీదే..."

"తీగ ఉన్నన్నాళ్లూ నిలబడింది. తీగను కొట్టావు, పడింది. ఇంకా ఏం చూడమంటావు?"

ఆ మాటలో ఒకరకంగా నిజం కూడా ఉంది, ఒళ్లు మండించిందీ అదే. వదిన ప్రాణం కాపాడాననుకున్న మనిషి, వదిన ఇల్లు పడగొట్టినదానిలా నిలబడి ఉంది. ఇస్బీర్ వైపు చూసింది. ఆయన వంగి, సంచిలోంచి దొర్లిన నారింజ పళ్లు ఏరుతున్నాడు.

ఆ రోజు నుంచి ఓడెట్ నజ్లాతో మాటలు మానేసింది. ఏం కావాలన్నా తమ్ముడితో చెప్పించేది, ఎక్స్ఛేంజీలో లైను కలిపినట్టు. "అక్క ఉప్పు అడుగుతోంది." "అక్క తన నీళ్ల ట్యాంకు చూడమంటోంది." వెల్డరు వచ్చి కొత్త రెయిలింగు బిగించిన రోజున, పాతదాని విరిగిన కాలు చేతిలో పెట్టి చూపించినా ఆమె చూడలేదు. వచ్చినవాళ్లందరికీ మాత్రం ఆ మొద్దును చూపించింది. వాళ్లు కిందికి దిగుతూ నజ్లా కిటికీలోకి తొంగిచూసి వెళ్లేవాళ్లు, దొంగ ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు.

గౌన్లు ఒక్కొక్కటీ పూర్తవుతున్నాయి. వెలుతురు కావలసినంత ఉంది. కానీ మొద్దు అలాగే ఉంది. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. ఒక్క చిగురు లేదు. నజ్లా రోజుకు నాలుగుసార్లు పెరట్లోకి వెళ్లి గోటితో బెరడు గీరి చూసేది. కింద పచ్చగానే ఉండేది. అయినా నమ్మకం కుదిరేది కాదు. నిజంగానే చంపేశానా? మధ్యాహ్నం తరవాత లెక్క చూడకుండా కోసిన కొమ్మలు గుర్తొచ్చేవి. ఆ కోపం తీగమీదిది కాదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇరవై నాలుగో రోజున ఎర్రటి చిగుళ్లు కనిపించాయి, గోరంత. నజ్లా ఆ మొద్దుకు తల ఆనించి ఊపిరి వదిలింది. ఆ క్షణంలోనే కాళ్ల కింద చల్లగా తగిలింది. మొదలు చుట్టూ మట్టి బురదబురదగా ఉంది.

మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్లింది. ఓడెట్ ఖాళీ బకెట్టు బోర్లిస్తోంది.

"వదినా, మళ్లీ నీళ్లు పోశావా?"

మూడు వారాల తరవాత మొదటిసారి ఓడెట్ నేరుగా ఆమెకు జవాబిచ్చింది. "గాయం తగిలినదానికి నీళ్లు కూడా ఇవ్వకూడదా?"

"ఇస్తే ఆకు వేస్తుంది, పువ్వు వెయ్యదు. ఎన్నిసార్లు చెప్పాలి? నా మాట ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎప్పుడైనా విన్నావా?"

"నువ్వు నన్ను అడిగావా?"

"పదకొండేళ్లు అడిగాను."

"అడగడమంటే జవాబు వచ్చేదాకా ఆగడం. నువ్వు నేను బయటికెళ్లే దాకా ఆగావు."

బాల్కనీలో కొత్త రెయిలింగుకు రంగు వాసన ఇంకా పోలేదు.

"మళ్లీ అడిగినా నువ్వు వద్దనే అంటావు," అంది నజ్లా.

"అంటాను. అయినా అడగాలి."

"సరే. తప్పే. చాటుగా చేశాను, అది తప్పు. కొట్టడం మాత్రం తప్పు కాదు."

ఓడెట్ ఆ రెండో మాట విననట్టే బకెట్టు మూల పెట్టింది. "ఈ నీళ్లు ఏం చెయ్యమంటావు మరి? పారబొయ్యనా?"

"పుదీనా కుండీలకు పొయ్యి."

"సబ్బు నీళ్లు పుదీనాకా? నీకు మొక్కల గురించి ఏమీ తెలియదు."

అయినా మర్నాటి నుంచి మొదలు చుట్టూ మట్టి ఎండింది. పుదీనా మాత్రం చచ్చిపోయింది.

మే నెల నడిమికి తీగ పూసింది. పూసిందంటే అలా ఇలా కాదు. కొత్త కొమ్మ ప్రతిదీ చివర వరకూ ఎర్రగా మండింది. దారిన పోయేవాళ్లు ఆగి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. కిటికీ కింద కుట్టుకుంటున్న నజ్లాకు పైనుంచి వదిన గొంతు రోజూ వినిపించేది: "ఏముందమ్మా, చేతి మహిమ. ఇన్నేళ్లు బిడ్డలా పెంచాను." నజ్లా పళ్ల మధ్య గుండుసూదులు బిగించి ఊరుకునేది. నోట్లో గుండుసూదులు ఉండటం ఒక్కోసారి మంచిదే.

ఒక సాయంత్రం ఓడెట్ తన పాత సహోద్యోగులు ఇద్దర్ని కాఫీకి పిలిచింది, తీగను చూపించడానికే. ముగ్గురు ముసలివాళ్లు బాల్కనీలో కూచుని ఒకరి మాట ఒకరు తెంపుకుంటూ గలగలా మాట్లాడుతుంటే కిందికి స్పష్టంగా వినిపించింది.

"అచ్చం మన ఎక్స్ఛేంజీ గోడే ఓడెట్," అంది ఒకామె. "అదీ ఇలాగే పూసేది కదూ. ఆ కాపలావాడు, ఆ మొరటోడు, ఏటేటా చలి తగ్గగానే మొద్దుగా కొట్టేసేవాడు. మనందరం కిటికీల్లోంచి తిట్లు లంకించుకునేవాళ్లం, గుర్తుందా?"

"ఓడెట్టే ఎక్కువ తిట్టేది," అంది రెండో ఆమె. "డైరెక్టరుకు కాగితం కూడా రాసింది వాడి మీద."

కింద నజ్లా కుట్టుమిషను చక్రాన్ని చేత్తో ఆపి పట్టుకుంది. పైన ఒక కప్పు సాసరులో పెట్టిన చప్పుడు వినిపించింది.

"కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది ఓడెట్.

మర్నాడు నజ్లా ఎదురు చూసింది. ఒక్క మాట, అవునే నజ్లా అని. రాలేదు. మూడోనాడు మెట్ల దగ్గర ఎదురుపడ్డప్పుడు, "మొన్న వచ్చిన ఇద్దరికీ మతిమరుపు ఎక్కువైంది, పాపం," అని మాత్రం అని ఓడెట్ పైకి వెళ్లిపోయింది. నజ్లాకు గోడకు తల బాదుకోవాలనిపించింది.

గౌన్లు అప్పటికే ఇచ్చేసింది. జూన్‌లో పెళ్లి బట్టలు వచ్చాయి. తీగ ఊరుకుంటుందా? మొదటి పూత రాలగానే అడుగునుంచి మనిషి పొడవు చువ్వలు లేచి మళ్లీ కిటికీ వైపు మెడలు చాచాయి. ఒకసారి కొట్టి చేతులు దులుపుకుంటే తీరే పని కాదని ఆమెకు అప్పటికి బోధపడింది. ఈసారి పైకి కేకేసింది: "వదినా, అడుగు పిలకలు తీసేస్తున్నా. అడుగుతున్నా, విను."

"వద్దు."

"విన్నాను. తీసేస్తున్నా."

పైనుంచి గొణుగుడు వినిపించింది గానీ కేక రాలేదు. నజ్లా తొందరలో గ్లౌజులు వేసుకోలేదు. మూడో పిలకను లాగినప్పుడు ముల్లు ఒకటి కుడిచేతి బొటనవేలి గోటి పక్కనుంచి లోతుగా దిగి, లోపలే విరిగింది. సాయంత్రానికి వేలు వంకాయలా వాచింది. సూది పట్టుకోవడం మాట అలా ఉంచి, చెంచా పట్టడమే కుదరలేదు. ఇస్బీర్ పట్టకారు తెచ్చి, రెండుసార్లు గుచ్చి, ఆమె అరుపు విని దూరంగా జరిగాడు. తరవాత ఆమె వద్దంటున్నా మెట్లెక్కి పైకి వెళ్లాడు.

ఓడెట్ కళ్లజోడు, దీపం, వేడినీళ్ల గిన్నె తీసుకుని కిందికి వచ్చింది. నజ్లా చెయ్యిని కుట్టుబల్ల మీద వెల్లకిలా పెట్టి, మణికట్టు దగ్గర గట్టిగా అదిమిపట్టింది. ముప్పై ఏళ్లు సన్నటి తీగలు కలిపిన వేళ్లు, ఇప్పటికీ వణకవు.

"ఇలాగేనా లాగడం? పిలకను మొదట్లో బొటనవేలితో పక్కకు తోసి తుంచాలి. పైన పట్టుకుని గుంజితే ముల్లు దిగక ఏం చేస్తుంది?"

"కత్తెరకు అందలేదు వదినా."

"అందకపోతే నన్ను పిలవాలి. పైనుంచి నేను వంచి పట్టుకుంటాను కదా. కదలకు."

"నువ్వు వద్దన్నావు కదా అసలు."

"వద్దన్నాను. అది వేరే సంగతి. కదలకు అంటే."

నజ్లా చెయ్యి లాక్కోలేక, పళ్లు బిగించుకుని కూచుంది. ముల్లు కొస దొరికింది, జారిపోయింది, మళ్లీ దొరికింది. ఓడెట్ తల ఎత్తకుండానే, తీగకు ఆ కుడివైపు చెయ్యి మరీ పొట్టిగా కొట్టారనీ, వచ్చే ఏడు ఇంకో రెండు కణుపులు వదలాలనీ చెబుతూ పోయింది.